అమ్మకి హెచ్‌పీవీ 16 పాజిటివ్ వచ్చింది... ఈ వైరస్‌లు నిజంగా మన జీన్స్‌ని మార్చేస్తాయా?

బెజవాడ_అమ్మాయి
శుక్రవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. మా అమ్మకి 49 ఏళ్లు. మొన్న స్క్రీనింగ్ క్యాంప్ పెడితే పక్కింటి ఆంటీ లాక్కెళ్తే వెళ్లింది, ఇవాళ రిపోర్ట్ వచ్చింది, "హై రిస్క్ హెచ్‌పీవీ టైప్ 16 పాజిటివ్" అని ఉంది, గర్భాశయ ముఖద్వారానికి (సర్విక్స్) కేన్సర్ తెచ్చే వైరస్ అట. డాక్టర్ గారు ఆ చోటుని లెన్స్‌తో చూసే కాల్పోస్కోపీ చేయించమన్నారు, బుధవారం వెళ్లాలి. నేను హైదరాబాద్‌లో జాబ్, రాత్రంతా ఫోన్ పట్టుకుని చదువుతూనే ఉన్నా. వైరస్ మన డీఎన్‌ఏలోకి దూరిపోతుంది, మ్యుటేషన్లు చేస్తుంది, కేన్సర్ వస్తుంది అని ఉంది గానీ ఎలా అనేది ఎక్కడా అర్థమయ్యేలా లేదు. నాకు కావాల్సింది ఏంటంటే అమ్మ జీన్స్ ఇప్పటికే మారిపోయినట్టా? అవి నాకూ చెల్లికీ వచ్చేసి ఉంటాయా? అసలు ఇంత చిన్న వైరస్ లోపలికెళ్లి ఏం చేస్తుంది? అమ్మ ఒకటే మాట, "నేనేం తప్పు చేశానే" అని. దానికి నా దగ్గర సమాధానం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పీహెచ్‌సీ_సిస్టర్
శుక్రవారం రాత్రి 11:05

చెల్లీ ముందు అమ్మకి చెప్పు, ఏ తప్పూ చేయలేదని. పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది, భర్త ఒక్కడే ఉన్నా తగులుతుంది, ఎప్పుడు తగిలిందో ఎవరూ చెప్పలేరు. పదిమందిలో తొమ్మిదిమందికి ఒకట్రెండేళ్లలో ఒళ్లే దాన్ని తుడిచేస్తుంది. మిగిలిపోయినవాళ్లని పట్టుకోవడానికే ఈ పరీక్షలు.

నేను మా సెంటర్‌లో వీఐఏ అనే, కంటితో చూసే పరీక్ష చేస్తాను. పలచని ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిదే, దూదితో సర్విక్స్ మీద అద్ది ఒక నిమిషం ఆగుతాం. మంచిగా ఉన్న చోట లేత గులాబీ రంగు అలాగే ఉంటుంది, తేడా ఉన్న చోట అంచు గీసినట్టు తెల్లగా తేలుతుంది, పెరుగు మరక పడ్డట్టు. అది చూసిన ప్రతిసారీ నాకు గుండె ఝల్లుమంటుంది గానీ ఆ తెలుపు కనపడిందంటే చాలాసార్లు ఇంకా టైమ్ ఉన్నట్టే లెక్క. కాల్పోస్కోపీలో కూడా అదే, కాకపోతే పెద్దగా చేసి చూపించే లెన్స్‌తో చూస్తారు, అనుమానం ఉంటే చిన్న ముక్క తీస్తారు. అమ్మని ఒంటరిగా పంపకు.

ఫ్లాస్క్‌లో_కణాలు
శుక్రవారం రాత్రి 11:52

సిస్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేశాను, ఐదేళ్లు హెచ్‌పీవీ ఉన్న కణాలతోనే పని, కాబట్టి లోపల ఏం జరుగుతుందనేది నేను చెప్తా. పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు మీ రెండో ప్రశ్న, అదే మిమ్మల్ని ఎక్కువ తినేస్తోందని అర్థమవుతోంది. రాలేదు. ఈ వైరస్ సర్విక్స్ లాంటి చోట్ల పైపొర కణాల్లో మాత్రమే ఉంటుంది. అక్కడ డీఎన్‌ఏలో ఏం మారినా ఆ కణానికీ దాన్నుంచి పుట్టే కణాలకీ పరిమితం. మీరూ మీ చెల్లీ పుట్టింది అండం నుంచి, దానికీ దీనికీ సంబంధం లేదు.

మొదటి ప్రశ్నకి, పాజిటివ్ అంటే వైరస్ అక్కడ ఉంది అని, అంతవరకే. జీన్స్ మారాయా లేదా అన్నది ఆ టెస్ట్ చూడదు.

ఇక అసలు కథ. హెచ్‌పీవీ డీఎన్‌ఏ మొత్తం కలిపి దాదాపు 8 వేల అక్షరాలు, మన ఒక్క సెట్టు 300 కోట్లు. ఇంత చిన్నదానికి సొంతంగా డీఎన్‌ఏ కాపీ చేసుకునే ఎంజైమ్ లేదు, మన కణం దగ్గర ఉన్నదే వాడుకోవాలి. కానీ అది పిల్లల్ని కనేది పైపొరల్లో, అక్కడి కణాలు విభజన ఆపేసి రాలిపోడానికి రెడీగా ఉంటాయి, కాపీ మెషిన్లన్నీ మూసేసి ఉంటాయి. అందుకని వైరస్ ఆ మూసేసిన మెషిన్లని బలవంతంగా ఆన్ చేయిస్తుంది. కేన్సర్ తేవాలని దానికేం లేదు, నిజానికి కేన్సర్ వస్తే వైరస్‌కీ నష్టమే, కొత్త వైరస్‌లు తయారవ్వవు.

ఆన్ చేసేది ఈ7 అనే ప్రొటీన్. మీరు బెజవాడ వాళ్లు కాబట్టి కాలవ లాకులు చూసే ఉంటారు. మన కణంలో ఆర్‌బీ అనే ప్రొటీన్ ఆ లాకు తలుపు లాంటిది, వెనకాల ఈ2ఎఫ్ అనేవి నీళ్లలా ఆగి ఉంటాయి. ఈ7 వచ్చి ఆ తలుపుని ఊడబీకుతుంది. ఇక కణం విభజనలోకి దిగిపోతుంది.

మామూలుగా ఇలా వేళకాని వేళ విభజన మొదలైతే పీ53 అనే ప్రొటీన్ ఊరుకోదు. సెంట్రింగ్ సరిగ్గా లేకపోతే స్లాబ్ పోయనివ్వని మేస్త్రి లాంటిది అది. డీఎన్‌ఏ విరిగి ఉంటే పని ఆపేస్తుంది, బాగు చేయిస్తుంది, బాగుపడదు అనుకుంటే కణాన్నే చంపేస్తుంది. అందుకే వైరస్ ఈ6 అనే ఇంకో ప్రొటీన్‌ని కూడా తెచ్చుకుంది, అది మన కణంలోనే ఉన్న ఇంకో ప్రొటీన్‌ని తోడు తీసుకుని పీ53 మీద చెత్త అని ముద్ర వేయిస్తుంది, కణం తన మేస్త్రినే తను ముక్కలు చేసుకుంటుంది.

ఇప్పుడు చూడండి, లాకు తలుపు లేదు, మేస్త్రి లేడు. ప్రతి విభజనలోనూ మామూలుగా జరిగే పొరపాట్లు సరిదిద్దేవాళ్లు లేరు, క్రోమోజోములు పంచుకునేటప్పుడు కూడా ఈ7 వల్ల లెక్క తప్పుతుంది, ఒక పిల్ల కణానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. మ్యుటేషన్లు పేరుకునేది ఇలా. వైరస్ పెన్ను పట్టుకుని మన జీన్స్ తిరగరాస్తుంది అనుకుంటారు చాలామంది, ఎక్కువ భాగం జరిగేది అది కాదు, దిద్దేవాళ్లని తీసేస్తుంది, తప్పులు వాటంతట అవే పోగుపడతాయి. దానికి ఏళ్లు పడుతుంది, 15, 20 ఏళ్లు. మీ అమ్మగారికి ఆ మధ్యలోనే టెస్ట్ చేశారు.

బయోటెక్_ఫైనలియర్
శనివారం ఉదయం 7:15

అన్నా చిన్న డౌట్. మాకు క్లాసులో సగానికి సగం కేన్సర్లలో పీ53 జీన్ మ్యుటేట్ అయి ఉంటుందని చెప్పారు. అంటే హెచ్‌పీవీ కూడా పీ53 జీన్‌నే మ్యుటేట్ చేస్తుందన్నమాట కదా? నేను ఎగ్జామ్‌లో అలాగే రాశాను, మార్కులు కూడా పడ్డాయి.

ఫ్లాస్క్‌లో_కణాలు
శనివారం ఉదయం 8:30

మార్కులు పడ్డాయేమో గానీ తమ్ముడూ అది తప్పు, ఇదే ఈ సబ్జెక్ట్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాయింట్ కాబట్టి వివరంగా చెప్తాను (నేను అన్నని కాదు, అక్కని).

హెచ్‌పీవీ వల్ల వచ్చే సర్వికల్ కేన్సర్లలో ఎక్కువవాటిలో పీ53 జీన్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్రొటీన్ తయారవుతూనే ఉంటుంది, ఈ6 దాన్ని ముక్కలు చేయిస్తూనే ఉంటుంది. ప్రొటీన్‌ని ఎలాగూ తినేస్తుంటే జీన్ పాడవ్వాల్సిన అవసరమే ఉండదు.

దీనికి రుజువు హీలా కణాలు. 1951లో అమెరికాలో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ సర్విక్స్ కంతి నుంచి, ఆవిడకి ఒక్క మాట చెప్పకుండా తీసుకున్న కణాలు అవి. ఆవిడ అదే ఏడాది అక్టోబర్‌లో 31 ఏళ్లకే పోయారు, ఆ కణాలు ఇవాళ్టికీ ప్రపంచమంతటా ల్యాబ్‌లలో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది హెచ్‌పీవీ 18. ఇన్ని దశాబ్దాలయినా వాటి పీ53 జీన్ మామూలుగానే ఉంది.

నేను కళ్లారా చూసింది చెప్తా. హీలా కణాలు ఫ్లాస్క్ అడుగున గులాబీ రంగు మీడియంలో పరిచిన రాళ్లలా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, రోజుకోసారి రెట్టింపు అవుతాయి, సోమవారం పల్చగా వేస్తే గురువారానికి ఖాళీ ఉండదు. వాటిలో ఈ6, ఈ7 తయారవ్వకుండా ఆపే ముక్కని ఎక్కించాం. మూడో రోజు మైక్రోస్కోప్ కింద పెడితే ఆ దొంతర లేదు. కణాలు వెడల్పుగా, చదునుగా, వేయించిన గుడ్డులా పరుచుకుని కదలకుండా ఉన్నాయి. విభజన ఆగిపోయింది. పీ53 చూస్తే మళ్లీ నిండుగా వచ్చేసింది. అన్నేళ్ల తర్వాత కూడా మేస్త్రి ప్రాణంతోనే ఉన్నాడు, నోరు నొక్కేశారంతే. నేను ఆ రోజు ల్యాబ్ నుంచి కదల్లేకపోయాను.

పీ53ని మొదట కనుక్కున్నదే 1979లో ఎస్‌వీ40 అనే కోతి వైరస్ మీద పని చేస్తుంటే, ఆ వైరస్ ప్రొటీన్‌ని పట్టుకుని లాగితే దానికి అంటుకుని ఇది బయటికొచ్చింది. మనకి కేన్సర్ గురించి తెలిసిన పెద్ద పెద్ద విషయాల్లో చాలా వైరస్‌లు చూపించినవే.

బయోటెక్_ఫైనలియర్
శనివారం ఉదయం 9:02

అక్కా సారీ, థాంక్స్. నేను మా సర్‌తో మాట్లాడతాను. మరి వైరస్ డీఎన్‌ఏ మన డీఎన్‌ఏలో అతుక్కుంటుంది అంటారు కదా, అది అబద్ధమా?

జువాలజీ_మాస్టారు
శనివారం ఉదయం 11:20

అబద్ధం కాదు బాబూ. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను, ఈ అతుక్కోవడం అనే ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే ఒక కోడి దగ్గరికి వెళ్లాలి.

1909లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ అనే ఆయన దగ్గరికి రొమ్ము మీద గడ్డ ఉన్న కోడిపెట్టని తెచ్చారు. ఆయన ఆ గడ్డని నూరి, కణాలు గానీ బాక్టీరియా గానీ దూరలేని ఫిల్టర్‌లో వడకట్టి, ఆ నీళ్లని వేరే కోళ్లకి ఎక్కిస్తే వాటికీ గడ్డలు వచ్చాయి. 1911లో పేపర్ రాశారు. కేన్సర్ ఏంటి, అంటుకోవడం ఏంటి అని చాలామంది పక్కన పడేశారు. నోబెల్ ఇచ్చింది 1966లో, ఆయనకి 87 ఏళ్లు వచ్చాక.

ఆ వైరస్‌ది ఆర్‌ఎన్‌ఏ. ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ ఉందని 1970లో టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా చూపించారు, ఈ బాల్టిమోర్ మనిషి పేరు, పైన చెప్పిన ఊరు కాదు. అలా మారిన డీఎన్‌ఏ కోడి క్రోమోజోమ్‌లో కుట్టేసినట్టు అతుక్కుంటుంది. ఇలాంటివాటిని రెట్రోవైరస్‌లు అంటారు. ఆ వైరస్‌లో గడ్డ తెప్పించే జీన్ పేరు సార్క్. 1976లో బిషప్, వార్మస్ బృందం వెతికితే ఆ జీన్ ఆరోగ్యంగా ఉన్న కోళ్లలోనూ కనిపించింది, ఇతర పక్షుల్లోనూ కనిపించింది. అంటే వైరస్ దాన్ని ఎప్పుడో కోడి నుంచే ఎత్తుకుపోయి, అదుపు తీసేసి, తిరిగి కోడికే తెచ్చి ఇస్తోంది. కేన్సర్ విత్తనం మన సొంత జీన్స్‌లోనే ఉందని అప్పుడు తెలిసింది. ఆ మాట క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తేవాళ్లు.

ఇంకో రకం వైరస్‌లు ఏ జీన్‌నీ మోసుకురావు. వచ్చి తప్పుడు చోట అతుక్కుంటాయి. కోళ్లలో ల్యూకోసిస్ వైరస్, కణాన్ని విభజనలోకి తోసే మిక్ అనే జీన్ పక్కన అతుక్కుంటే, వైరస్ స్విచ్ దెబ్బకి ఆ జీన్ ఆగకుండా పనిచేస్తుంది. 1981లో చూపించారు. తర్వాత పారిస్‌లో, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పసిపిల్లలకి బలహీనపరిచిన రెట్రోవైరస్‌తో మంచి జీన్ ఎక్కిస్తే చాలామంది బతికారు, కానీ కొందరిలో ఆ వైరస్ ఎల్‌ఎంఓ2 అనే జీన్ పక్కన అతుక్కుని ల్యుకేమియా వచ్చింది, 2002లో బయటపడింది. ఎక్కడ అతుక్కుంది అన్నదాని మీదే ప్రాణం ఆధారపడుతుంది అనడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఫ్లాస్క్‌లో_కణాలు
శనివారం మధ్యాహ్నం 12:10

మాస్టారూ మీ క్లాసులో కూర్చోవాల్సింది నేను. దీనికి హెచ్‌పీవీ ముక్క కలుపుతా.

రెట్రోవైరస్‌కి అతుక్కోవడం బతుకు, అది లేకపోతే దానికి జీవితం లేదు. హెచ్‌పీవీకి అలా కాదు, దాని డీఎన్‌ఏ గుండ్రటి రింగులా కేంద్రకంలో విడిగా తిరుగుతుంటుంది. అతుక్కోవడం యాక్సిడెంట్. మన డీఎన్‌ఏ, దాని డీఎన్‌ఏ రెండూ విరిగినప్పుడు బాగుచేసే ఎంజైములు పొరపాటున ఈ కొసని ఆ కొసకి ముడేస్తాయి. ఆ రింగు తెగేటప్పుడు తరచుగా ఈ2 అనే జీన్ పోతుంది. ఈ6, ఈ7ని అదుపులో పెట్టేది ఈ2నే. అది పోయిందంటే ఆ రెండూ గేట్లెత్తినట్టు తయారవుతాయి. పైగా హీలాలో అయితే హెచ్‌పీవీ 18 ముక్క 8వ క్రోమోజోమ్‌లో, మాస్టారు చెప్పిన మిక్ జీన్‌కి 5 లక్షల అక్షరాల దూరంలో అతుక్కుంది. అంత దూరం నుంచి ఎలా అంటే డీఎన్‌ఏ మడత పడి రెండూ పక్కపక్కకి వస్తాయి, మిక్ ఆన్ అవుతుంది.

ఇంకోటి ఈ మధ్య బాగా తేలింది. వైరస్ వచ్చిందని తెలిస్తే కణం అపోబెక్ అనే ఎంజైములని బయటికి తీస్తుంది. వైరస్ డీఎన్‌ఏలో సీ అనే అక్షరాన్ని చెడగొట్టడం వాటి పని. వైరస్‌తో పాటు మన డీఎన్‌ఏ మీద కూడా పడతాయి. సర్వికల్ కేన్సర్ల డీఎన్‌ఏ మొత్తం చదివితే ఆ ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది, టీ పక్కన ఉన్న సీలే మారి ఉంటాయి, పీఐకే3సీఏ అనే జీన్ మారిన పేషెంట్లలో అయితే ఎక్కువమందిలో అవే రెండు చోట్లు. అంటే కొన్ని మ్యుటేషన్లు వైరస్ చేసినవి కూడా కావు, దాన్ని తరిమే ప్రయత్నంలో మన కణం చేసుకున్నవి.

కదిరి_కుర్రోడు
శనివారం సాయంత్రం 6:45

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దండి. మా నాయనకి హెపటైటిస్ బీ ఉండాదని మూడేండ్ల కింద తెలిసింది. టెనోఫోవిర్ రోజూ మింగుతున్నాడు, వైరల్ లోడ్ కనపడటం లేదని రిపోర్ట్ వచ్చింది. మరి ఇంకా ఆరు నెలలకోసారి స్కానింగ్ ఎందుకంటాడు, ఖర్చు దండగ అంటాడు. ఇదీ ట్యూమర్ వైరస్సే అంటగదా, ఇది గూడ్క ఇట్లే చేస్తుందా? మాది వేరుశనక్కాయ సేద్యం. కాయల్లో బూజు వల్ల లివర్ కేన్సర్ వస్తుందని ఎవరో చెప్పినారు, అదీ నిజమేనా?

ఫ్లాస్క్‌లో_కణాలు
శనివారం రాత్రి 9:30

మీరు దూరడం కాదు, సరైన చోటికే వచ్చారు. స్కానింగ్ మాన్పించొద్దు, ఎందుకో చెప్తా.

హెచ్‌బీవీ, అంటే హెపటైటిస్ బీ వైరస్, దాని డీఎన్‌ఏ ఇంకా చిన్నది, 3,200 అక్షరాలు. దానికీ అతుక్కోవాల్సిన అవసరం లేదు గానీ ఇన్ఫెక్షన్ మొదట్లోనే కొన్ని లివర్ కణాల్లో అతుక్కుపోతుంది. లివర్ కేన్సర్లలో ఎక్కువసార్లు అది కనిపించే చోటు టెర్ట్ అనే జీన్ దగ్గర. మన క్రోమోజోముల కొసలు దీపం వత్తిలా ప్రతి విభజనకీ కాస్త తరుగుతాయి, తరిగి తరిగి ఒక దశలో కణం ఆగిపోతుంది. టెర్ట్ ఆన్ అయితే వత్తి తరగదు, కణం ఆగదు. (హెచ్‌పీవీ ఈ6 కూడా ఈ టెర్ట్‌నే లేపుతుంది, దారి వేరు, చేరేది అక్కడికే.)

దీనికి తోడు ఏళ్ల తరబడి వాపు. ఒంట్లోని రక్షణ కణాలు వైరస్ ఉన్న లివర్ కణాల్ని చంపుతుంటాయి, లివర్ కొత్తవి పుట్టిస్తుంటుంది, ప్రతి కొత్త కాపీలో పొరపాటుకి ఛాన్స్. హెపటైటిస్ సీ అయితే అసలు అతుక్కోనే అతుక్కోదు, ఎక్కువగా ఈ వాపు దారిలోనే కేన్సర్ తెస్తుంది, కానీ దానికి ఇప్పుడు 12 వారాల మాత్రలతో పూర్తిగా పోయే వైద్యం ఉంది.

టెనోఫోవిర్ కొత్త వైరస్ తయారవ్వకుండా ఆపుతుంది, వాపు తగ్గుతుంది, కేన్సర్ రిస్క్ కూడా బాగా తగ్గుతుంది. కానీ ఇప్పటికే అతుక్కున్న ముక్కని ఏ మాత్రా కోసి తీయలేదు. రక్తంలో కనపడకపోవడం వేరు, లివర్ కణం లోపల లేకపోవడం వేరు. అందుకే ఆరు నెలల స్కాన్. చిన్న గడ్డగా ఉన్నప్పుడు కనపడితే తీసేయొచ్చు.

బూజు సంగతి నిజం. తడి సరిగ్గా ఆరని కాయల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. హెచ్‌బీవీ లివర్‌ని విభజనలోకి తోస్తుంటే, ఈ విషం డీఎన్‌ఏ అక్షరాలకి అతుక్కుని తప్పులు చేయిస్తుంది. ముఖ్యంగా పీ53 జీన్‌లో 249వ చోట జీ అక్షరం టీగా మారుతుంది. చైనాలో చిడోంగ్ ప్రాంతంలో, ఆఫ్రికాలో గాంబియా లాంటి చోట్ల లివర్ కేన్సర్లలో ఈ గుర్తు మళ్లీ మళ్లీ దొరికింది. అంటే ఇక్కడ పీ53 జీన్ నిజంగానే మారుతోంది, కానీ మార్చింది విషం, వైరస్ దానికి దారి వేసింది. బయోటెక్ తమ్ముడూ ఈ తేడా గుర్తుపెట్టుకో.

కదిరి_కుర్రోడు
శనివారం రాత్రి 10:15

అక్కా చాలా సంతోషం. పోయినేడు వానకి తడిసిన కాయలు ఇంట్లోకని పెట్టుకున్యాం, అమ్మేది మంచివి, తినేది పుచ్చువి. రేపే పారబోపిస్తా.

స్లైడ్_టెక్నీషియన్
శనివారం రాత్రి 10:50

తమ్మీ, మంచి పని. అఫ్లటాక్సిన్ టెస్టింగ్ మీద మన పటాన్‌చెరు ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థల చానా ఏండ్ల సంది పని చేసిన్రు, చవకగ పరీక్ష చేసే కిట్లు గూడ తయారు చేసిన్రు. కాయ కోసినంక మంచిగ ఎండబెట్టుడు, తడి తగలకుండ దాచుడు, నల్లబడ్డయి ముడతలు పడ్డయి ఏరేసుడు, గంతే. నూనె ఆడించేటానికి గూడ బూజు కాయలు పంపకున్రి.

ఇంకోటి, ఇంట్ల అందరికీ హెపటైటిస్ బీ ఉన్నదా లేదా చూసే హెచ్‌బీఎస్‌ఏజీ టెస్ట్ అయిందా? కలిసి తింటే, ఒక గ్లాసుల తాగితే రాదు. రక్తం, బ్లేడు, కాన్పు, భార్యాభర్తల మధ్య, గట్ల వస్తది. నెగెటివ్ ఉన్నోళ్లు టీకా వేయించుకోవాలె. పుట్టినప్పుడు తగిలిన పిల్లల్ల వందకి తొంభై మందికి జీవితాంతం ఉండిపోతది, పెద్దయినంక తగిలితే ఐదుగురికి గూడ ఉండదు, అందుకే పుట్టిన 24 గంటలల్ల మొదటి డోసు. తైవాన్‌ల 1984ల పసిపిల్లలకి మొదలుపెడితే తర్వాత పిల్లల్ల లివర్ కేన్సర్లు తగ్గినయి, ఒక టీకాతోని కేన్సర్ ఆగుడు అప్పుడే చూసిన్రు. మన హైదరాబాద్‌ల శాంతా బయోటెక్నిక్స్ 1997ల ఈ టీకా మనదేశంలనే తయారు చేసినంక ధర దిగింది. అంతకుముందు బయటి టీకా కొనుడు మాలాంటోళ్ల తోని కాకపోయేది.

భద్రాద్రి_అమ్మ
ఆదివారం ఉదయం 8:05

టీకా మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకండి. మాది ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి. 2009లో మా దగ్గర హాస్టల్ పిల్లలకి హెచ్‌పీవీ టీకాలు వేశారు, తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయారని పెద్ద గొడవ అయింది. మా బంధువుల పిల్ల కూడా వేయించుకుంది, తను బాగానే ఉంది గానీ ఇంట్లో సంతకం ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు నా కూతురికి 11 ఏళ్లు. టీకాలో వైరస్ ఉంటుంది కదా, అదే వెళ్లి ఈ6, ఈ7 అంటూ జీన్స్‌లో అతుక్కోదా? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

పీహెచ్‌సీ_సిస్టర్
ఆదివారం ఉదయం 9:40

అమ్మా కోపం ఎందుకు, మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రాజెక్టుని 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆ మరణాలకి టీకా కారణం అయ్యే అవకాశం లేదంది, ఒక పాప నీళ్లలో మునిగి, ఒక పాప పాము కాటుతో, ఇలా వేరే కారణాలు తేలాయి. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టడం, పిల్లలకి ఏమిస్తున్నారో చెప్పకపోవడం, అది మాత్రం ఘోరమైన తప్పే. చాలామంది గిరిజన పిల్లల తల్లిదండ్రుల్ని ఎవరూ ఒక మాట అడగలేదు. అడక్కుండా చేసిన పనికి ఇన్నేళ్లయినా నమ్మకం తిరిగి రాలేదు, మేం టీకా అనగానే మీ వైపు ఊళ్లలో తలుపులు వేసుకుంటారు, వాళ్లని తప్పుపట్టలేను.

ఫ్లాస్క్‌లో_కణాలు
ఆదివారం ఉదయం 10:25

టీకాలో ఏముంటుందో నేను చెప్తానమ్మా. వైరస్ ఉండదు. వైరస్ పైన ఉండే డొల్ల ఉంటుంది చూడండి, ఎల్1 అనే ప్రొటీన్, దాన్ని మాత్రమే ఈస్ట్‌లోనో వేరే కణాల్లోనో తయారు చేస్తారు, ఆ ముక్కలు వాటంతట అవే బంతిలా కూడుకుంటాయి. లోపల ఖాళీ. వైరస్ డీఎన్‌ఏ లేదు, ఈ6 లేదు, ఈ7 లేదు, కాబట్టి అతుక్కోడానికి పదార్థమే లేదు. గింజ తీసేసిన కాయ అనుకోండి, ఎంత నీళ్లు పోసినా మొలవదు. ఒంట్లో రక్షణ కణాలు ఆ డొల్ల ముఖం గుర్తుపెట్టుకుంటాయి, తర్వాత అసలు వైరస్ వస్తే కణంలోకి దూరకముందే పట్టుకుంటాయి.

వైరస్ తగలకముందే వేయించాలి, అందుకే ఈ వయసు. స్వీడన్‌లో లక్షల మంది అమ్మాయిల రికార్డులు చూస్తే 17 ఏళ్లలోపు వేయించుకున్నవాళ్లలో సర్వికల్ కేన్సర్ 88 శాతం తక్కువ ఉంది, 2020లో వచ్చింది ఆ పేపర్. మీ పాపకి వేయించే ముందు డాక్టర్‌ని మీరే అన్నీ అడగండి, సంతకం మీరే పెట్టండి.

భద్రాద్రి_అమ్మ
ఆదివారం మధ్యాహ్నం 1:30

లోపల ఖాళీ అన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. థాంక్స్ అమ్మా. ఆయనతో మాట్లాడతాను.

బయోటెక్_ఫైనలియర్
ఆదివారం రాత్రి 9:10

అక్కా ఇంకో డౌట్, ఈబీవీ గురించి, అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్, ఇదీ ట్యూమర్ వైరస్సే కదా. పెద్దవాళ్లలో 90 శాతం పైగా మందిలో ఉంటుందని చదివాను. మరి అందరికీ కేన్సర్ ఎందుకు రాదు?

జువాలజీ_మాస్టారు
సోమవారం ఉదయం 6:50

నేను చెప్తాను బాబూ. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉగాండాలో పిల్లల దవడల్లో వచ్చే కంతుల గురించి 1958లో రాశాడు. ఆ కంతి కణాల్లో 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ ఈ వైరస్‌ని చూశారు. ఆ కేన్సర్‌లో 8వ క్రోమోజోమ్ ముక్క, ఎక్కువసార్లు 14వ దానితో తారుమారవుతుంది, మిక్ జీన్ వెళ్లి యాంటీబాడీ జీన్ స్విచ్ కింద పడుతుంది, ఆ స్విచ్ యాంటీబాడీలు తయారుచేసే బీ కణంలో ఎప్పుడూ ఆన్. అక్కడ డీఎన్‌ఏని కోసేది వైరస్ కాదు, యాంటీబాడీలు మార్చుకోడానికి బీ కణం వాడే సొంత ఎంజైమే. మలేరియా పదే పదే వచ్చే చోట బీ కణాలు అలిసిపోయేలా విభజన చెందుతాయి, ఈబీవీ చావాల్సిన కణాన్ని చావనివ్వదు. ఇన్ని కలిస్తే గానీ ఆ కంతి రాదు. వైరస్ ఒక్కటే ఉన్న మనలాంటివాళ్లలో చాలామందికి ఏమీ కాదు.

వైరస్ అతుక్కోవడం అంటేనే చెడు అనుకోకు. మన డీఎన్‌ఏలో దాదాపు 8 శాతం ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద పూర్వీకుల బీజకణాల్లో అతుక్కున్న రెట్రోవైరస్‌ల అవశేషమే. వాటిలో ఒకదాని జీన్, సిన్సిటిన్, ఇవాళ మాయ తయారవ్వడానికి పనికొస్తోంది. తల్లి కడుపులో బిడ్డకి అన్నం పెట్టే పొరని వైరస్ జీన్ కడుతోంది.

బెజవాడ_అమ్మాయి
గురువారం రాత్రి 8:20

నిన్న వెళ్లొచ్చాం. నేను లీవ్ పెట్టి వచ్చాను. సిస్టర్ గారూ మీరు చెప్పినట్టే మందు అద్దిన నిమిషానికి తెల్లగా వచ్చింది, డాక్టర్ గారు స్క్రీన్ మీద నాకూ చూపించారు, గోరంత ఉంది. ముక్క తీశారు. అమ్మ "ఇంతేనా" అంది. రిపోర్ట్ వారంలో.

బెజవాడ_అమ్మాయి
తర్వాతి శుక్రవారం సాయంత్రం 5:35

ముక్క పరీక్ష వచ్చింది. "సీఐఎన్ 2, పీ16 బ్లాక్ టైప్ పాజిటివ్" అని ఉంది, సీఐఎన్ అంటే కేన్సర్‌కి ముందు దశ, 1 నుంచి 3 దాకా ఉంటుందట, కేన్సర్ లేదు అన్నారు డాక్టర్ గారు. సోమవారం లీప్ అని, కరెంటు తీగతో ఆ పొర తీసేస్తారట, మత్తు అక్కడి వరకే. ఈ పీ16 ఏంటండీ? ఇదీ మ్యుటేషనేనా? మళ్లీ ఇంకో వైరస్ టైపా?

స్లైడ్_టెక్నీషియన్
శుక్రవారం రాత్రి 7:10

చెల్లె, వైరస్ టైప్ కాదు, మ్యుటేషన్ గూడ కాదు. పీ16 మనదే, కణం సొంత బ్రేకు. ఈ స్టెయిన్ నేను రోజూ వేస్తుంట కాబట్టి చెప్త.

ఫ్లాస్క్ అక్క చెప్పిన లాకు తలుపు యాదికున్నదా, ఆర్‌బీ. ఈ7 దాన్ని ఊడగొట్టినంక విభజన ఆగుతలేదని కణానికి తెలుస్తది. ఆపుదామని పీ16ని చేస్తది, ఇంకా చేస్తది, కుప్పలు కుప్పలు చేస్తది. కానీ పీ16 పనిచేసుడు ఆర్‌బీ తలుపు ద్వారనే. తలుపే లేకపాయె. గందుకే ఎంత చేసినా విభజన ఆగది, పీ16 మాత్రం కణం నిండ పేరుకుంటది. మేం దానికి గోధుమ రంగు అంటించే మందు వేస్తం. మామూలు పొర నీలంగ ఉంటది, అక్కడక్కడ చుక్కలు. మీ అమ్మ స్లైడ్ లాంటిదైతే కింది పొర నుంచి పైకి ఒక్క తీరుగ ముదురు గోధుమ రంగు, గోడకి జాజు పూసినట్టు. బ్లాక్ టైప్ అంటే గదే. అంటే ఈ7 లోపల పని చేస్తున్నదని మనం కంటితోని చూస్తున్నట్టు.

ఎంతవరకు తీయాలె అనేది కాల్పోస్కోపీల తెలుపు ఏడిదాక ఉన్నదో చూసి డాక్టర్ చెప్తరు. తీసేసిన ముక్క అంచులు మళ్లా మా దగ్గరికే వస్తయి, అంచు నీలంగ ఉంటే మంచిది.

పీహెచ్‌సీ_సిస్టర్
శుక్రవారం రాత్రి 7:45

ఇప్పుడు దొరకడం ఎంత ముఖ్యమో చెప్తా చెల్లీ. న్యూజిలాండ్‌లో ఒకప్పుడు ఒక డాక్టర్ సీఐఎన్ 3 ఉన్న ఆడవాళ్లకి సరైన వైద్యం ఇవ్వకుండా చూస్తూ ఊరుకున్నాడు, తర్వాత లెక్క తీస్తే అలా వదిలేసినవాళ్లలో 30 ఏళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి కేన్సర్ వచ్చింది. అదే సరిగ్గా తీసేసినవాళ్లలో ఒక శాతం కూడా లేదు. అమ్మది ఇంకా 2 దగ్గరే ఉంది. సోమవారం వాయిదా వేయొద్దు, ఏకాదశి అనీ అమావాస్య అనీ.

కదిరి_కుర్రోడు
శుక్రవారం రాత్రి 9:00

అక్కా మీయమ్మకి ఏం కాదు. మా నాయన్ని నిన్న స్కానింగ్‌కి తీస్కపోయినా, లివర్‌లో గడ్డలేం లేవు. అమ్మకీ, నాకూ, తమ్మునికీ టెస్ట్ చేపించినా. తమ్మునికి పాజిటివ్ వచ్చింది. వానికి 22. సోమవారం వాన్నీ డాక్టర్ దగ్గరికి తీస్కపోతున్నా, టెస్ట్ చేపియ్యకుంటే ఎన్నాళ్లకి తెలిసేదో.

బెజవాడ_అమ్మాయి
బుధవారం మధ్యాహ్నం 2:15

సోమవారం లీప్ అయిపోయింది, ఇరవై నిమిషాలు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాం. ఆరు నెలల తర్వాత మళ్లీ హెచ్‌పీవీ టెస్ట్ రాశారు. కదిరి తమ్ముడూ, సోమవారం డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయి, మేమందరం చూస్తుంటాం.

స్లైడ్ ఫోటో ఇమ్మని ల్యాబ్‌లో అడిగితే ఫోన్‌లో తీసిచ్చారు. స్లైడ్ అన్నా మీరు చెప్పినట్టే, సగం నీలం, సగం జాజు పూసినట్టు. అమ్మకి చూపించి ఇదీ సంగతి, ఇక్కడ తలుపు ఊడిపోయింది, నీ కణం పాపం ఆపడానికి ఎంత ప్రయత్నించిందో చూడు అని ఈ రంగు చూపించాను. చాలాసేపు జూమ్ చేసి చూసింది. "అయితే నా ఒళ్లు ఊరికే కూర్చోలేదన్నమాట" అంది. ఇప్పుడే పిన్నికి ఫోన్ చేసి నువ్వూ వెళ్లి చూపించుకో అని చెప్తోంది.